అనుభవం లేనివారికి మాత్రమే

మా దిబ్బలవలస పురపాలక సంఘం కార్యాలయానికి సరిగ్గా ఎదురుగా మస్తాన్ వెల్డింగ్ షాపు ఉంది. నా కుర్చీలోంచి కిటికీ వైపు చూస్తే అతని నిప్పురవ్వలు కనపడతాయి. వేసవి మొదట్లో మా వాటర్ ట్యాంకర్ వెనక, నీళ్ల గొట్టం బిగించే చోట, రేకు పగిలింది. మామూలు మనిషి అయితే ఏం చేస్తాడు? బండిని రోడ్డు దాటించి మస్తాన్ ముందు పెడతాడు, టీ తాగేలోగా అతికించుకుని తెచ్చుకుంటాడు. మేం అలా చేయలేదు. మాది కార్యాలయం.

పైగా అప్పటికే మా కమిషనర్ విభూషణరావు గారు 'మన మరమ్మతు మనమే' అనే ఉద్యమం మొదలుపెట్టి ఉన్నారు. ఆయన రాజధానిలో ఏదో శిక్షణకు వెళ్లినప్పుడు అక్కడ ఒక వీడియో చూపించారట. అందులో ఒక దొర సెలవు రోజున తన కారు రేకు తానే అతికించుకుని, మిగిలిన ఇనప ముక్కలతో పెరట్లోకి ఉయ్యాల చేసుకుని, దానిమీద కూర్చుని నవ్వుతాడు. ఆ నవ్వు కమిషనర్ గారి మనసులో నాటుకుపోయింది. తిరిగి వచ్చిన రోజే ఉత్తర్వు జారీ చేశారు. ఇకమీదట పురపాలక సంఘానికి చెందిన ఏ వాహనాన్నీ, గేటునూ, కిటికీ ఊచనూ బయటి షాపులో బాగుచేయించరాదు. సిబ్బందే స్వహస్తాలతో బాగుచేసుకొనవలెను. సీనియర్ అసిస్టెంటుగా మా ఆఫీసులో ఉత్తర్వుల భాష అంతా నాదే. 'స్వహస్తాలతో' అన్న మాట నేనే వేశాను, ఇప్పటికీ నాకది ముచ్చటగానే ఉంటుంది.

ట్యాంకర్ డ్రైవర్ పేరు దాలినాయుడు. ఆ బండి రోజూ కొండవీధికి నీళ్లు తీసుకెళ్తుంది. కొండవీధి ఊరి చివర గుట్ట మీద ఉంటుంది, కుళాయి నీళ్లు అంత ఎత్తు ఎక్కవు. దాలినాయుడి ఇల్లు కూడా అక్కడే. బండి ఆగిపోయాక ఆ వీధి ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని గుట్ట దిగి బజారులో బోరింగు దగ్గర నిలబడవలసి వచ్చింది. తిరిగి ఎక్కేటప్పుడు దారి పొడుగునా దాలినాయుడి భార్య పైడమ్మను సాధించేవారు. మీ ఆయన ఉద్యోగమేమిటి, మా ఖర్మేమిటి అని. పైడమ్మ కొన్నాళ్లు ఓర్చుకుని చివరికి మొగుడికి చెప్పేసింది. ట్యాంకర్ తోలుకుంటూ వస్తే రా, లేకపోతే గుమ్మం తొక్కకు.

దాలినాయుడు అప్పటినుంచి మా షెడ్డులో, ఆ ట్యాంకర్ క్యాబిన్లోనే కాపురం పెట్టాడు. స్టీరింగు మీద లుంగీ ఆరేసుకునేవాడు. పైడమ్మ మాట తప్పే మనిషి కాదు గాని, కడుపు మాడ్చే మనిషి కూడా కాదు. మధ్యాహ్నానికి ఎవరో ఒకరి చేత క్యారియర్ పంపేది. మొదట్లో అందులో అన్నం, కూర, చారు ఉండేవి.

అతను నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, "బాబూ, ఎదురుగుండా మస్తానున్నాడు కదండి. నాను బండి తోసుకెల్లి అతికించుకొచ్చీనా? ఇంటికెల్లిపోతాను" అన్నాడు.

ఉత్తర్వు చూపించాను. అతనికి చదువు రాదు గాని ఉత్తర్వు అంటే ఏమిటో తెలుసు. తల వంచుకుని వెళ్లిపోయాడు. నాకు జాలి వేసింది. అయినా జాలికి మా ఆఫీసులో ఫైలు లేదు.

వెల్డింగ్ మిషను కొనడానికి ఒక కమిటీ వేశాం. మా ఇంజనీరు, ఏఈ సింహాద్రి గారు అధ్యక్షులు, నేను కన్వీనరు. ఇద్దరం పట్నంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాం. అక్కడి సేల్స్‌మన్ ఓపిక ఉన్నవాడు, ఏ పనికి కావాలని అడిగాడు. వాహన మరమ్మతులకు, తదితర గృహోపయోగ పనులకు అన్నారు ఏఈ గారు.

అతను చక్కగా విడమరిచి చెప్పాడు. గేట్లు, గ్రిల్లులు, లావు ఇనుము అయితే కడ్డీ పెట్టి అతికించే చిన్న మిషను చాలు, ఇంట్లో ఏసీ ప్లగ్గుకే నడుస్తుంది. కాని బండి రేకు పల్చన, కొత్తవాళ్లు దానికి కడ్డీ తగిలిస్తే చిల్లులు పడతాయి. దానికి తీగ దానంతటదే ముందుకొచ్చే మిషను వాడాలి. గ్యాస్ సిలిండర్ పెట్టుకుంటే పని శుభ్రంగా వస్తుంది, ఆ బాదరబందీ వద్దనుకుంటే లోపల మందు నింపిన తీగ దొరుకుతుంది. రెండు పనులూ చేసే మిషను కూడా ఉంది, మొదటిసారి నేర్చుకునేవాళ్లకి అదే మేలు. ముందు రెండు పాత రేకు ముక్కల మీద చెయ్యి తిప్పుకున్నాకే అసలు బండి ముట్టుకోండి అని కూడా చెప్పాడు. ఆ ఆఖరి మాట మా నివేదికలో ఎక్కలేదు, ఎందుకంటే అప్పటికి ఏఈ గారు మిషనుతో మేడమెట్ల రెయిలింగు అవుతుందా అని అడుగుతున్నారు. నేను జాజి పందిరి గురించి అడిగాను. కమిషనర్ గారు ఫోన్లో ఉయ్యాల గురించి అడిగారు, ఎంతమంది కూర్చోవచ్చని.

"మరి బండి సంగతి?" అన్నాడు సేల్స్‌మన్.

అదీ ఉంది అన్నాం.

రెండు పనులూ చేసే ఆ చిన్న మిషనే ఖాయం చేశాం. అయితే ఒక చిక్కు ఉంది. పురపాలక సంఘం లాంటి పెద్ద సంస్థ కర్మాగారాల్లో వాడే భారీ మిషను కొనకుండా ఇళ్లల్లో వాడే బుల్లి మిషను ఎందుకు కొన్నదని ఆడిట్ వారు అడగవచ్చు. అందుకని కొనుగోలు నోట్‌లో నేనొక వాక్యం కట్టాను. 'ఈ యంత్రము వెల్డింగునందు ఎట్టి అనుభవమూ లేనివారి వినియోగార్థమై ఉద్దేశింపబడినది.' ఆ వాక్యం చూసి పైవారు వెంటనే మంజూరు చేశారు. చేస్తూ, కోరిన ప్రయోజనానికి మాత్రమే వినియోగించవలెను అని అలవాటు ప్రకారం ఒక ముక్క తగిలించారు.

మిషను వచ్చిన రోజు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. కమిషనర్ గారు ముఖమంతా కప్పే హెల్మెట్ తగిలించుకుని ఒక తుక్కు ముక్కకి కడ్డీ తాకించి నిప్పు రప్పించారు. అందరం చప్పట్లు కొట్టాం. ఫొటో కూడా తీశారు గాని, హెల్మెట్ తీయడం మరిచిపోయినందువల్ల ఆ ఫొటోలో ఉన్నది ఎవరన్నది మా మాట మీద నమ్మవలసిందే.

చప్పట్లు విని మస్తాన్ రోడ్డు దాటి వచ్చాడు. మిషను బాగుందని మెచ్చుకున్నాడు. మీరు అనుమతిస్తే ఈ మిషనుతోనే, ఇక్కడే, ఊరికే ఆ పగులు అతికించి వెళ్తానన్నాడు. ఏఈ గారు హెల్మెట్ అతని చేతికి ఇవ్వబోయారు. దాలినాయుడు అప్పుడే లుంగీ మడత పెట్టుకుంటున్నాడు.

"ఆగండి" అన్నారు కమిషనర్ గారు. "ఇతనికి వెల్డింగ్ వచ్చునా?"

వచ్చునని అందరం చెప్పాం. ఊళ్లో సగం గేట్లు అతనివే.

"అట్లయిన ఇతడు అనర్హుడు. అనుభవం లేనివారి వినియోగార్థం మంజూరైన ప్రభుత్వ ఆస్తిని అనుభవజ్ఞుడికి అప్పగించడం ప్రయోజన భంగం కిందికి వస్తుంది. రేపు ఆడిట్ వారికి ఎవరు సమాధానం చెబుతారు?"

ఆడిట్ అనే మాట వినిపించాక మా ఆఫీసులో ఫ్యాను కూడా నెమ్మదిగా తిరుగుతుంది. దాలినాయుడు లుంగీ మళ్లీ స్టీరింగు మీద వేశాడు.

ఆ సాయంత్రమే రెండో ఉత్తర్వు వెలువడింది. దాని ప్రధాన వాక్యం కూడా నాదే. 'మరమ్మతులకు గాని, తత్సంబంధమైన ఉత్తర్వులకు గాని చెందిన ఏ పనినైనను, ఆ పనియందు పూర్వానుభవము లేనివారే చేయవలెను.' ఒకసారి చేసినవారికి అనుభవం వచ్చినట్టే కాబట్టి, వారు రెండోసారి చేయరాదు. ఎవరికి అనుభవం లేదో తేల్చడానికి తహసీల్దారు గారినుంచి అనుభవరాహిత్య ధ్రువపత్రం తేవాలి.

ఈ ధ్రువపత్రం తేవడం అంత తేలిక కాలేదు. ఒక మనిషికి ఫలానా పని వచ్చునని చెప్పడానికి సాక్ష్యాలుంటాయి, రాదని చెప్పడానికి ఏముంటాయి? తహసీల్దారు గారు విచారణకు ఆదేశించారు. మొదటి వంతు వచ్చిన మా బిల్లు కలెక్టర్ ఇంటి చుట్టుపక్కల వాళ్లను పిలిచి, ఇతను ఎప్పుడైనా ఏదైనా అతికించగా చూశారా అని అడిగారు. చూడలేదని వాళ్లు వేలిముద్రలు వేశారు. అతని మేనమామకి రేడియోలు బాగుచేసే షాపు ఉందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే, దాని మీద మళ్లీ విచారణ. దాలినాయుడి క్యారియర్లో చారు ఆగిపోయి పొడి కూరలు రావడం ఆ రోజుల్లోనే మొదలయింది.

చివరికి ధ్రువపత్రం చేతపట్టుకుని బిల్లు కలెక్టర్ రంగంలోకి దిగాడు. కడ్డీ రేకుకి తగిలించగానే అతుక్కుపోయింది. లాగాడు, రాలేదు. ఊపాడు, ట్యాంకర్ ఊగింది గాని కడ్డీ ఊడలేదు. ఏఈ గారు వచ్చి స్విచ్ కట్టేసి లాగితే, దానితోపాటు రేకులో బఠాణీ అంత ముక్క కూడా వచ్చింది. కమిషనర్ గారు అతనికి శాలువా కప్పి, 'నేటినుంచి మీరు అనుభవజ్ఞులు' అని అభినందించి, మిషను దరిదాపులకు రావద్దని చెప్పి పంపేశారు.

తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టర్, ఆయన తర్వాత దోమల మందు కొట్టే సిబ్బంది, తర్వాత జనన మరణాల గుమాస్తా. ప్రతివారూ వచ్చి తలా ఒక చిల్లు వేసి, శాలువా కప్పించుకుని వెళ్లారు. తీగ పెడితే చిల్లు పడదని సేల్స్‌మన్ చెప్పిన సంగతి జనన మరణాల గుమాస్తాకి అప్పుడప్పుడే అర్థమవుతోంది, 'ఓహో, చెయ్యి ఇలా కదపాలన్నమాట' అని కూడా అన్నాడు. ఆ మాట అన్నందుకే మిషను లాక్కోవలసి వచ్చింది. అర్థం కావడం అనుభవానికి మొదటి మెట్టు కదా!

నా వంతు కూడా వచ్చింది. నేను తీగే వాడాను. అయినా చిల్లు పడింది. అది కొంచెం గుండ్రంగా వచ్చిందని ఏఈ గారన్నారు.

ఇంతలో ఒక అనర్థం జరిగింది. మా టైపిస్టు సరోజిని బాగా అతికించింది. ఆవిడ వంతు వచ్చేసరికి సగానికి సగం పగులు, కుట్టుమిషను మీద కుట్టినట్టు, నున్నగా మూసుకుపోయింది. అక్కడ ఒక్కసారిగా అందరి ముఖాలూ వెలిగాయి. దాలినాయుడయితే క్యాబిన్ దిగి వచ్చి ఆవిడకి దండం పెట్టాడు. ఇంకో జానెడు అతికిస్తే అయిపోతుంది, అలాగే కానిచ్చెయ్యనా అని సరోజిని అడిగింది.

కమిషనర్ గారి ముఖం మాడిపోయింది. మొదటిసారి చేసేవారికి ఇంత బాగా ఎలా వస్తుంది? అంటే పూర్వానుభవం దాచిపెట్టి ధ్రువపత్రం పొంది ఉండాలి. ఆవిడకి మెమో ఇచ్చాం. 'మీకప్పగించిన పనిని మీరు సక్రమంగా ఏల చేసితిరో సంజాయిషీ ఇవ్వవలెను.' సరోజిని ఏడ్చినంత పని చేసి, తాను పెళ్లిళ్లలో గోరింటాకు కోనుతో చేతులకు డిజైన్లు వేస్తుంటానని, అందువల్ల చెయ్యి వణకలేదని, ఇకముందు ఇలాంటి పొరపాటు జరగదని రాసిచ్చింది. కమిషనర్ గారు కనికరించి వదిలేశారు గాని, గోరింటాకు కోను, ముగ్గు, జంతికల గొట్టం, వీటిలో చెయ్యి తిరిగినవారంతా సమీప అనుభవజ్ఞులని సవరణ ఉత్తర్వు వేశారు. దాంతో ఆఫీసులో మిగతా ఆడవాళ్లంతా అనర్హులయ్యారు.

సరోజిని అతికించిన ఆ సగం మీద తర్వాతవారు మళ్లీ చిల్లులు వేశారు.

అలా నడుస్తుండగా ఒకనాడు మిషను ముందు నిలబడడానికి మనిషి లేకుండా పోయాడు. అటెండరు దగ్గర్నించి ఏఈ గారి దాకా అందరమూ అనుభవజ్ఞులమే. దాలినాయుడు మిగిలాడనుకుంటే, అతను అప్పటికి అంతమంది చేస్తుండగా క్యాబిన్లోంచి చూశాడు, చూడడం కూడా అనుభవమే అని తేలింది. కమిషనర్ గారు తామే రంగంలోకి దిగుతామన్నారు. ప్రారంభోత్సవం రోజున తుక్కు ముక్క మీద నిప్పు రప్పించింది ఆయనేనని ఫొటో ఉందని గుర్తు చేశాను. ఆ ఫొటోలో ఉన్నది తాను కాదని వాదించవచ్చు గాని, ఆయన నిజాయితీపరులు, ఒప్పుకున్నారు.

అత్యవసర సమావేశం పెట్టాం. పక్క ఊరి పురపాలక సంఘం నుంచి ఏమీ రానివారిని డెప్యుటేషన్ మీద తెప్పిద్దామని ఏఈ గారన్నారు. ప్రభుత్వానికి రాసి 'అనుభవరహిత వెల్డర్' అని కొత్త పోస్టు మంజూరు చేయిద్దామని, నియమించిన రోజునే అతను ఒక అతుకు వేసి పదవీ విరమణ చేస్తాడని కమిషనర్ గారన్నారు. ఆ ఆలోచన అందరికీ నచ్చింది. నేను ముసాయిదా మొదలుపెట్టాను.

అప్పుడే తలుపు దగ్గర అలికిడయింది. పైడమ్మ వచ్చింది. ఆవిడ వెనక కొండవీధి ఆడవాళ్లు వరండా నిండా ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. పైడమ్మ చేతిలో మొగుడి క్యారియర్ ఉంది. దాన్ని సమావేశం బల్ల మీద పెట్టి మూత తీసింది. అందులో వట్టి అటుకులున్నాయి. తడిపిన అటుకులు కూడా కాదు.

"ఇయ్యాల మా ఇంట్లో ఎసరు పెట్టడానికి నీళ్లు లేవు బాబూ. బజారు బోరింగు కూడా ఎండిపోనాది" అంది.

కమిషనర్ గారు ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలను వివరించబోయారు. ఆవిడ చెప్పనివ్వలేదు. కోపంగా కూడా లేదు, అలిసిపోయి ఉంది.

"నానొక మాట సెప్పడానికొచ్చినాను. కోపంలో నానూ ఇంట్లో ఒక రూలు ఎట్టీసినాను, బండి లేకుండా మా మావని గుమ్మం తొక్కద్దన్నాను. దానివల్ల నీళ్లూ రాలేదు, మావా రాలేదు. ఇల్లు బోసిపోనాది. అందుకని ఈ పొద్దు ఆ రూలు తీసేసినాను. మావా, బండి లేపోనా పర్లేదు, ఇంటికి వొచ్చీ."

వాకిట్లో నిలబడ్డ దాలినాయుడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నిజం చెప్పాలంటే నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. ఆ రోజు అప్పటికి కొండవీధికి మా ఆఫీసునుంచి అందిన నీళ్లు అవే.

"నాను తీసేసినట్టే మీరూ తీసేయండి బాబూ. బండిని రోడ్డు దాటనీండి" అంది పైడమ్మ.

కమిషనర్ గారు కుర్చీలో సర్దుకున్నారు. "అమ్మా, గృహము వేరు, కార్యాలయము వేరు. జారీ అయిన ఉత్తర్వును ఉపసంహరించడమంటే సామాన్యమైన విషయం కాదు. ఈ కార్యాలయం పుట్టిన తర్వాత ఇంతవరకు ఎవరూ ఏ ఉత్తర్వునూ వెనక్కి తీసుకొని ఉండలేదు. ఆ విషయంలో నాకు గాని, మా సిబ్బందికి గాని ఎట్టి అనుభవమూ లేదు."

పైడమ్మ క్యారియర్ మూత పెట్టేసింది.

"అనుబవం లేనోలే సెయ్యాలని కదేటి మీ రూలు?"

కమిషనర్ గారు నా వైపు చూశారు. నేను రెండో ఉత్తర్వు తీసి చదివాను. 'మరమ్మతులకు గాని, తత్సంబంధమైన ఉత్తర్వులకు గాని చెందిన ఏ పనినైనను, ఆ పనియందు పూర్వానుభవము లేనివారే చేయవలెను.' నా భాషలో ఎక్కడా సందు లేదు. ఉత్తర్వును ఉపసంహరించడానికి ఈ జిల్లాలోనే ఆయనంత అర్హుడు లేడు. విచారణ కూడా అక్కర్లేదు, తహసీల్దారు గారు కళ్లు మూసుకుని ధ్రువీకరిస్తారు.

కమిషనర్ గారు కలం పట్టుకున్నారు. మొదటి ఉత్తర్వు, అదే, బయటి షాపులకు వెళ్లరాదన్నది, రద్దు చేస్తున్నట్టు రాయాలి. కాగితానికి కలం ఆనించగానే అక్కడే అతుక్కుపోయినట్టు ఆగిపోయారు. చెయ్యి వణికింది. ఒక కాగితం చినిగింది. ఏఈ గారు పక్కన నిలబడి, మొదటిసారి అందరికీ అలాగే ఉంటుంది సార్, భయపడకండి అని ధైర్యం చెప్పారు. చివరికి సంతకం పడింది. ఇంకో శాలువా మిగిలి ఉంటే కప్పాం.

ట్యాంకర్‌ని అందరం కలిసి రోడ్డు దాటించాం. అసలు పగులు మస్తాన్‌కి ఒక లెక్కలోది కాదు. మేం వేసిన చిల్లులు పూడ్చడానికే సాయంత్రమైంది. ఒకచోట మాత్రం చూసి, ఈ ముక్క వేసిందెవరో గాని చెయ్యి బాగుందన్నాడు. సరోజిని భయపడి తల పక్కకి తిప్పుకుంది.

దాలినాయుడు ఊరి కుళాయి ట్యాంకు దగ్గర నీళ్లు నింపుకుని, పైడమ్మను క్యాబిన్లో పక్కన కూర్చోబెట్టుకుని, గుట్ట పొడుగునా హారన్ మోగిస్తూ ఎక్కాడు. ఆ మోత మా ఆఫీసు దాకా వినపడింది. మర్నాడు అతని క్యారియర్లో చారు వచ్చింది. నాకూ, కమిషనర్ గారికీ చెరో గ్లాసు పోశాడు.

ఆ చారు తాగిన ఊపులోనే కమిషనర్ గారు రెండో ఉత్తర్వును కూడా, అదే, అనుభవం లేనివారే పనిచేయాలన్నదాన్ని, రద్దు చేద్దామనుకున్నారు. కాగితం తీశారు. ఈసారి చెయ్యి వణకలేదు. అది చూసి నాకు అనుమానం వచ్చి, నా విధి కాబట్టి, గుర్తు చేశాను. నిన్న ఒక ఉత్తర్వు ఉపసంహరించారు కదా, తమరికిప్పుడు ఆ పనిలో అనుభవం వచ్చింది. తమరు అనర్హులు.

ఆయన కలం కింద పెట్టేశారు. రెండో ఉత్తర్వు ఇప్పటికీ అమల్లోనే ఉంది. మిషను స్టోరు గదిలో పసుపు, బొట్టుతో అలాగే ఉంది. ఏఈ గారి రెయిలింగూ, నా జాజి పందిరీ, ఆ ఉయ్యాలా ఏవీ కాలేదు. కొత్త కమిషనర్ బదిలీ మీద వచ్చేదాకా వేచి ఉండడం తప్ప మార్గం లేదు. ఆయన ఏ ఊరినుంచి వచ్చినా, ఉత్తర్వు వెనక్కి తీసుకున్న అనుభవం మాత్రం ఉండదని మాకు గట్టి నమ్మకం.